బొగ్గువాడి తెల్లపిల్లి

బార్న్‌స్లీ,
నవంబరు 1958, ఆదివారం.

అమ్మకు,

నీ వాల్టర్ రాసేది. ఇక్కడ నేనూ, నీ కోడలు మావిసూ, పిల్లులూ, నాన్న వదిలిపోయిన పావురాలూ అందరం కులాసా. అడిలైడ్‌లో నువ్వూ, నోరా అక్కా, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీకక్కడ ఎండలు మొదలై ఉంటాయి. మాకు మామూలే, వాన. వానపడితే బొగ్గు బాగా అమ్ముడుపోతుంది కనక నేను తిట్టుకోను.

ముందు అసలు కబురు చెప్పేస్తాను, లేకపోతే కడుపు ఉబ్బి చచ్చేట్టున్నాను. అమ్మా, మన సోడా గెలిచాడు! నిన్న లీడ్స్‌లో, అంత పెద్ద హాల్లో, తెల్లపిల్లులన్నిటిలో మొదటివాడు మనవాడే. ఇప్పుడు వాడు ఛాంపియన్. మావిస్ ఆ సర్టిఫికెట్టుని గోడ మీద రాణిగారి బొమ్మ పక్కన తగిలించింది. రాణిగారు కొంచెం పక్కకి జరగాల్సొచ్చింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. మావిస్ బాగానే తింటోంది. పిల్లులు పావురాల జోలికి పోవు. పావురం ఎగిరొస్తే సోడాయే పక్కకి తప్పుకుంటాడు, జుట్టు చెదురుతుందని కాబోలు. "మగాడివై ఉండి పొద్దస్తమానం పిల్లికి తల దువ్వుతావట్రా?" అన్నావు. దువ్వుతానమ్మా, ఏం చెయ్యను? పొడుగుజుట్టు పిల్లిని ఒక్కరోజు వదిలేస్తే పొట్టకింద అంతా ఉండలు కట్టేస్తుంది. పెట్టెలోని శాలువాకి పురుగు పట్టలేదు కదా అని కూడా అడిగావు. దాని సంగతి చివర్లో రాస్తాను, మరిచిపోయాననుకోకు.

ఈ పిచ్చి నాకెలా పట్టిందో నీకెప్పుడూ చెప్పలేదు. కొండమీద పెద్దింటి మిస్ థర్ల్‌వెల్ గుర్తుందా? చర్చిలో మన పాట చెవినపడితే మొహం చిట్లించేది, ఆవిడే. నువ్వు ఓడెక్కిన ఏడాది చలికాలంలో వాళ్ల పెరట్లో బస్తాలు దింపుతుంటే, వంటింటి కిటికీలో తెల్లగా ఏదో కదిలింది. పిల్లి! అంత తెలుపు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదమ్మా. మన ఊళ్లో మంచుక్కూడా పడీపడగానే మసి పడుతుంది కదా. బస్తా భుజాన ఉందన్న సంగతే మరిచి అలా నిలబడిపోయాను. ఉండబట్టలేక అడిగేశాను, "అమ్మగారూ, ఇలాంటి పిల్ల ఒకటి నాక్కూడా ఇప్పిస్తారా?" అని.

ఆవిడ నన్ను నెత్తి నుంచి కాళ్లదాకా చూసి, "బొగ్గువాడికి తెల్లపిల్లి ఎందుకయ్యా? నల్లది పెంచుకో, మాసినా కనబడదు" అంది.

వంటావిడ కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట మీదే వేక్‌ఫీల్డ్‌లో ఒక పాస్టరు గారి ముసలి భార్యని పట్టుకుని, కాళ్లావేళ్లా పడి ఒక తెల్ల ఆడపిల్లిని తెచ్చుకున్నాను. దాని కడుపున మన వంటింట్లో పుట్టినవాడే సోడా. కాగితాల మీద వాడికి చాంతాడంత పేరుంది. కానీ బట్టలసోడా అంత తెల్లగా ఉన్నాడని మావిస్ మొదటిరోజే సోడా అంది, అదే ఖాయమైంది.

పావురాల పందేల క్లబ్బులో నా బతుకు బజారుపాలైంది. పందేల్లో నాన్నకి జోడీదారు హెరాల్డ్ రోజూ ఒకటే గోల. "ఒరే వాల్టరూ, జడలు వెయ్యడం అయ్యిందా? పిల్లకి సంబంధాలు చూస్తున్నావా?"

"చూస్తున్నాలే. వచ్చినవాళ్లు నీ మొహం చూసి పారిపోతున్నారు."

ఏదో అనేవాణ్ని గానీ, లోపల గుచ్చుకునేది. ఇంటికొచ్చి మోచేతులదాకా తోముకుని, తెల్ల చేతొడుగులు వేసుకుని మరీ దువ్వెన పట్టేవాణ్ని. ఎంత తోమినా వేళ్ల పగుళ్లలో బొగ్గు పోదు, నీకు తెలుసు కదా, నాన్న చేతులూ అంతే.

ఈ పోటీల్లో ఒక పద్ధతుందమ్మా. బోనులో పరిచే దుప్పటి తెల్లగా, ఏ గుర్తూ లేకుండా ఉండాలి. నీళ్లగిన్నె తెల్లగా ఉండాలి. పిల్లి మెడలో తెల్లటేపుకి అంకె తప్ప ఇంకేం ఉండకూడదు. ఎవరి పిల్లో జడ్జికి తెలియకూడదని ఈ ఏర్పాటు. తీర్పు అయ్యేదాకా మమ్మల్ని బయటికి తోలేస్తారు. దొరసాని పిల్లయినా, బొగ్గువాడి పిల్లయినా అక్కడ ఒకటే. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఛాంపియన్ కావాలంటే ముగ్గురు వేరువేరు జడ్జీల దగ్గర గెలవాలి. సోడాకి ఇద్దరి దగ్గర అయింది. లీడ్స్‌లో తెల్లపిల్లులకి జడ్జి ఎవరా అని చూస్తే మిస్ థర్ల్‌వెల్! ఇంకెవరి దగ్గర ఓడినా పరవాలేదు, ఆవిడ దగ్గర ఓడితే ఆ రోజు పెరట్లో అన్న మాట నిజమైపోయినట్టే.

సోడాకి స్నానం చేయించాం, పౌడరు రాసి, ఒక్క రవ్వ మిగలకుండా దువ్వి దులిపాం. పౌడరు కనబడితే పోటీలోంచి గెంటేస్తారు. నిన్న పొద్దున్నే రైల్లో వెళ్లాం. డాక్టరు సోడా చెవులూ పళ్లూ చూసి పంపించాడు. బోను దగ్గర దుప్పటి మడత విప్పానో లేదో, కొయ్యబారిపోయాను. దాని నడిమధ్యన నల్లగా నా అయిదు వేళ్లూ! బయల్దేరేముందు అలవాటు కొద్దీ పొయ్యిలో బొగ్గు ఎగదోసి, ఆ చేత్తోనే దుప్పటి మడతపెట్టానమ్మా. పిల్లిని ముట్టుకోడానికి చేతొడుగులు వేసుకున్నవాణ్ని, దుప్పటి దగ్గర బుర్ర పనిచేయలేదు.

పోటీ నడిపే పెద్దాయన చూసి, "ఇది పరవడానికి వీల్లేదయ్యా. ఇంకోటి ఉందా? లేకపోతే పిల్లిని తీసేయాలి" అన్నాడు. తిరగేస్తే అటువైపూ దిగింది మసి. ఆ గండం ఎలా గట్టెక్కిందో కాసేపాగి చెప్తాను. గట్టెక్కింది, అంతే అనుకో.

బయట టీ కొట్లో కూర్చున్నాం. టీ చల్లారిపోయింది. తలుపులు తీశారని వినబడగానే పరుగెత్తాను. సోడా బోనుకి మొదటి బహుమతి ఎర్రకార్డు, దాని పక్కన సర్టిఫికెట్టు! వాడు మాత్రం వీపు మావైపు పెట్టి నిద్రపోతున్నాడు. అందరిముందూ భోరుమని ఏడ్చేశానమ్మా. సిగ్గేం లేదు.

అంతలో మిస్ థర్ల్‌వెల్ అటే వచ్చింది. నన్ను చూసి ఆగింది. "నువ్వు మా ఇంటికి బొగ్గేసే ఓల్డ్‌రాయిడ్‌వి కదూ?"

"అవునమ్మగారూ. గురువారం వస్తాను."

ఆవిడ సోడా వంక చూసింది, నా చేతుల వంక చూసింది. కాస్త ఎర్రబడింది. "ఆ రోజు నేనన్నది గుర్తుందా?"

"ఎలా మరిచిపోతానమ్మగారూ?"

"మరిచిపోవద్దులే. నేనన్నది తప్పని కూడా గుర్తుపెట్టుకో" అంది. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "మా ఆడపిల్లిని మీవాడి దగ్గరికి పంపిస్తే ఒప్పుకుంటావా?" అని అడిగింది. అమ్మా, పెద్దింటివాళ్లు మనతో వియ్యానికొచ్చారు! రాత్రి క్లబ్బులో ఆ మాట చెప్తే హెరాల్డ్ నాచేత మళ్లీ చెప్పించుకున్నాడు. తర్వాత బీరు తనే పోయించాడు.

ఇక శాలువా సంగతి. నీ దగ్గర దాస్తే నాకు నిద్రపట్టదు. మా బిడ్డకోసం నువ్వు అల్లినది, బిడ్డ దక్కకపోయాక మేం ఆ పెట్టె మళ్లీ తెరవలేదు. నిన్న బోను ముందు నేను తల పట్టుకుంటే, మావిస్ తన సంచిలోంచి అది తీసింది.

"ఇదెందుకు తెచ్చావే?" అన్నాను.

"నీ చేతుల సంగతి నాకు తెలీదా?" అంది. తర్వాత మెల్లిగా, "ఎన్నేళ్లని పెట్టెలో ఉంటుంది వాల్టర్? ఎవరో ఒకరు పడుకోనీ" అంది. తనే పరిచింది, మూలలు సర్దింది. పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదీ తెలుపంటే" అన్నాడు.

గుర్తుందా, అది ఇచ్చేటప్పుడు ఎంత బాధపడ్డావో? "నాకు పువ్వులూ అంచులూ అల్లడం రాదురా, వట్టి సాదాగా వచ్చింది" అన్నావు. ఒక్క పువ్వున్నా అక్కడ పనికొచ్చేది కాదమ్మా. నీకు రాకపోబట్టే గెలిచాం. దాన్నిండా ఇప్పుడు సోడా వెంట్రుకలే. కోపం వస్తే తిట్టు, పడతాను. కానీ ఇంటికొచ్చాక మావిస్ దాన్ని పెట్టెలో పెట్టలేదు. పొయ్యి పక్క కుర్చీలో వేసింది. అక్కడ వేస్తూ, చాలా ఏళ్లకి ఏదో కూనిరాగం తీసింది.

ఇంట్లో పెరుగుతున్న సోడా పిల్లలిద్దరు వసంతంలో పోటీకి తయారవుతారు. అందుకని ఒక మాట అడుగుతాను, కాదనకు. నీ వేళ్లు నొప్పెట్టకపోతే ఇంకో రెండు అల్లి పంపు. అంచు వద్దు, పువ్వు వద్దు, నీకు వచ్చినట్టే.

ఇట్లు,
నీ కొడుకు,
ఛాంపియన్ సోడా నాన్న,
వాల్టర్