పీట మీద నా పెళ్లిచీర

కువైట్,
శుక్రవారం.

అక్కకు చెల్లెలు సుజాత నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ బాగున్నారని తలుస్తాను. తనకల్లులో వాన పడిందా? చెనిక్కాయ విత్తారా, ఈసారి కూడా మబ్బును నమ్మి మోసపోయారా?

ఇక్కడి ఎండ మన ఎండ కాదు. బట్టలారేయడానికి మిద్దె ఎక్కితే చెప్పులు నేలకు అంటుకుంటాయి. పని ఎప్పటిలాగే, పదకొండు మందికి వంట. మేడమ్ కేకలు వేస్తుంది గానీ తిండికి లోటు చెయ్యదు. ఖుబ్బూస్ రొట్టెలు తిని తిని నోరు చచ్చిపోయింది. సంగటి, ఊరిబిండి పచ్చడి కలలోకి వస్తున్నాయి. ఆరోగ్యం బాగుంది, బెంగపడొద్దు.

అక్కా, నువ్వు ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. నీ దగ్గర దాచిన నా చీరల పెట్టె తాళంచెవి నా మొగుడికిచ్చింది నువ్వే అయినా, ఇమ్మన్నది నేను. గృహప్రవేశానికి నాకు సెలవు దొరకలేదు. పెండ్లాం ఊళ్లో లేకపోతే ఆమె చీర మడిచి పీట మీద పెట్టి, దాని కొంగుకు మొగుడి కండువా ముడేసి పూజ చేయడం మన ఇళ్లలో ఉన్నదే కదా. పెద్దమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెదనాయన అలాగే చేశాడు. అందుకే నా పెళ్లిచీర, ఆ ధర్మవరం పట్టుది, తీసుకోమన్నాను.

వీడియో తానే పంపాడు మహానుభావుడు. వంటింట్లో చేతులు తుడుచుకుని చూశాను. పీట మీద చీర ఉంది. ఆ చీర కట్టుకుని, మీ వీధి చివర జాకెట్లు కుట్టే ఆమె కూర్చుని ఉంది. కొంగుముడితో లేచి ఇద్దరూ నా ఇంట్లో పాలు పొంగించారు.

ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడో తెలుసా?

"చీర పెట్టమంటివి, పెట్టినా. లోపల మనిషి ఉండాది, అంతే గదా. దానికింత రచ్చ ఎందుకే?"

థూ! ఫోన్ పెట్టేశాను. మర్నాడు వాడే ఫోన్ చేసి, చీర ఇస్త్రీ చేయించి పెట్టెలో పెట్టాడట, ఏం అరిగిపోయిందని అడిగాడు. ఆ గొంతు వింటేనే ఒంటిమీద బల్లి పడ్డట్టుంది.

అమ్మేమో, మొగోడన్నాక తప్పు చేస్తాడు, నువ్వు దూరంగా ఉంటివి, సర్దుకో అంటోంది. నేను దూరంగా ఉన్నది షికారుకా? ఆ ఇంటి కోసమే కదా. అమ్మ కోపమైనా పడతాను గానీ వాడి మొహం చూడను.

నిన్న మన ఎంబసీకి పోయి, విడాకుల కేసు నా తరఫున నువ్వు నడిపేట్టు కాగితం రాయించి, సంతకం చేసి ముద్ర వేయించుకున్నాను. దీనితోపాటే పంపుతున్నాను. కదిరిలో లాయరమ్మకు ఇవ్వు. నువ్వు వెనక్కి తగ్గితే నాకు దిక్కులేదక్కా.

లాయరమ్మకు మా పెళ్లి ఫోటో కావాలట. దాని పక్కనే వీడియోలోంచి తీయించిన ఫోటో కూడా పెట్టివ్వు. చీర అదే, మొగుడు వాడే. మిగతాది జడ్జిగారు చూసుకుంటారు. చీర మాత్రం తిరిగి అడగొద్దు, అది ఇంక నా ఒంటికెక్కదు. ఇల్లు వదలను.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అమ్మ కాళ్లకు దండం పెట్టానని చెప్పు. దీవించమను. ఎప్పటిలా నిండు ముత్తైదువుగా ఉండు అనొద్దు. చల్లగా ఉండమంటే చాలు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుజాత