అరగని సబ్బు

ఉప్పుగూడ,
12 నవంబరు 1973

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి, నా ప్రియమైన బిడ్డ ఆండాలుకు,

నీ బాపు దుర్గయ్య వెయ్యి దీవెనలతో రాసేది. బిడ్డా, నీ కార్డు అందింది! పోస్టుమాన్ గల్లీ మొదట్లో ఉండగానే చేతిరాత గుర్తుపట్టి చెప్పులు లేకుండానే ఉరికాను. నువ్వు పెళ్ళయి నిజామాబాదు పోయి రెండేళ్ళు దాటింది. ఇన్నాళ్ళకు సొంత చేత్తో నాలుగు మాటలు రాశావు. అందులో ఏమడిగావు? సబ్బు కొనకుండా అమ్మ తలకు ఎట్లా పోసేది, ఇంటి ఖర్చు ఎట్లా తగ్గించేది, రాయి బాపూ అని! నన్ను! ఈ పిసినారి దుర్గయ్యను!

పోయేనాడు గుమ్మంలో నిలబడి ఏమన్నావో యాదుందా? "సబ్బు తునకలు అతికించుకొని బతికే ఇంట్ల నాకు గాలాడతలేదు బాపూ" అన్నావు. మీ ఆయన విశ్వేశ్వర్ చేతిలో వాసన సబ్బుల డబ్బా పట్టుకుని నవ్వాడు. దర్జీ మనిషి, షోకైన మనిషి. నేనేమో ఊరుకోక, "ఆ సబ్బులు అరిగినంక నేను యాదికొస్తా పో" అన్నాను. అంతే, నీ జాబులు బందయ్యాయి. పోనీలే బిడ్డా, అవన్నీ పాత ముచ్చట్లు. ఇప్పుడు యాదికొచ్చాను గదా, అది చాలు.

విను. కుంకుడుకాయలు కొట్టి, గింజ తీసేసి, రాత్రే వేడినీళ్ళలో నానెయ్యి. పొద్దున పిసికితే నురగే నురగ. ఒంటికి సున్నిపిండి. పళ్ళకు బొగ్గుపొడిలో చిటికెడు ఉప్పు. గిన్నెలకు బూడిద. ఇక సబ్బు తునక సంగతి. అరిగిన తునకను పారేయకు. కొత్త బిళ్ళ వీపు మీద పెట్టి గట్టిగా ఒత్తి రాత్రంతా వదిలెయ్యి. తెల్లారేసరికి రెండూ ఒకటే. కానీ రెండూ తడిగా ఉండాలి సుమా. ఎండిన తునక ఎంత ఒత్తినా అతకదు, పెచ్చులూడిపోతుంది.

జాబులు కార్డు మీదే రాయి, కవరు దండగ. దాచుకునే మాటలు మనకేమున్నాయి? నేను చూడు, చీమల బారులాగా రాసి రెండు కార్డుల్లో అంతా పట్టించాను. రాయడం మాత్రం మళ్ళీ ఆపకు బిడ్డా. నువ్వేం అడిగినా చెప్తాను, ఆపకు.

సంబురంతో ఇంకా చెప్పులు తొడగని,
నీ బాపు

*

నిజామాబాదు,
25 నవంబరు 1973

బాపుకు ఆండాలు నమస్కారాలు.

నీ రెండు కార్డులు అందాయి. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. బొగ్గుపొడి బాగానే ఉంది. సున్నిపిండి పట్టించలేదు, పట్టిస్తాను. ఇక్కడ అంతా మామూలే. దుకాణం వాళ్ళు చొక్కాలకు కాజాలు కుట్టే పని ఇంటికి పంపుతున్నారు. పొద్దు గడిచిపోతుంది.

ఆయన పని మీద ఉన్నారు.

చలి మొదలైంది. నువ్వు చెవులకు గుడ్డ కట్టుకో.

ఆండాలు

*

ఉప్పుగూడ,
4 డిసెంబరు 1973

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి ఆండాలు తల్లికి,

దీవెనలు. జవాబు రాశావు! పైగా కాజాలు కుట్టి సంపాదిస్తున్నావు! ఖర్చు తగ్గించి రాబడి పెంచడమంటే ఇదే. నీ కార్డు జేబులో పెట్టుకుని ఖాసిం భాయ్ హోటల్‌కు పోయి అందరికీ చదివి వినిపించాను. ఖాసిం భాయ్ గల్లా మీద చరిచి, "క్యా బాత్ హై దుర్గయ్యా, బేటీ బాప్‌ను మించింది!" అన్నాడు. ఆ మాటకు నేను ఎప్పుడూ లేనిది రెండో చాయ్ తాగేశాను. అంత సంబురమైంది.

పక్కింటి నీలమ్మ ఊరుకుంటుందా? నేను అరుగు మీద తునకలు అతికిస్తుంటే చూసి, "ఏందన్నా, మళ్ల సబ్బులకు పెండ్లి చేస్తున్నవా? పిలగాడు జర బక్కగున్నడు" అంది. "నవ్వు నీలమ్మా, నవ్వు. నా బిడ్డ ఈ ఇద్దె నేర్చుకున్నది. రేపు నిజామాబాదు మొత్తానికి నేర్పుతది" అన్నాను.

నా పాత దోస్తు కైలాసం రైలు గార్డుగా ఉన్నాడు గదా, అతని చేత మూట పంపుతున్నాను. కుంకుడుకాయలు, సున్నిపిండి, ఆముదం దీపానికి పట్టిన కాటుక. కాటుక నేనే పట్టాను. కంచు గిన్నె బోర్లించి కాపలా కూర్చున్నాను, ముక్కు నల్లగా అయింది.

విశ్వేశ్వర్‌కు ఒక చిట్కా చెప్పు. మొద్దుబారిన బ్లేడును పారేయొద్దు. గాజు గ్లాసు లోపల కాసిన్ని నీళ్ళు చిలకరించి బ్లేడును వేలితో అటూ ఇటూ రుద్దితే మళ్ళీ కొత్తదే. నేను గడ్డం గీసుకునేది గట్లనే. అల్లుడు నవ్వుతాడేమో, నవ్వనీ. గీసుకుని చూసి ఏమన్నాడో తప్పకుండా రాయి.

ఎంత సబ్బు మిగిలింది, ఎంత నూనె మిగిలింది, అన్నీ రాయి బిడ్డా. ఇక్కడ అందరూ అడుగుతున్నారు.

నీ ముక్కు నల్లబడ్డ బాపు

*

నిజామాబాదు,
17 జనవరి 1974

బాపుకు నమస్కారాలు.

మూట అందింది. ఆలస్యంగా రాస్తున్నాను.

అన్నీ రాయమన్నావు. నీ మొదటి కార్డు వచ్చిన రోజు కొత్త సబ్బు విప్పాను. దాని మీద పేరు ఇంకా అట్లాగే ఉంది, అక్షరం అరగలేదు. పొయ్యి పొద్దున ఒక్కసారే వెలిగిస్తాను. ఆ అన్నమే రాత్రికి కూడా ఉంటుంది, ఒక్కోసారి మర్నాటికి కూడా. కిరసనాయిలు అందరూ దొరకడం లేదంటున్నారు, నాకు పోయిన నెలదే ఉంది. దీపం పెట్టడం లేదు. కిటికీలోంచి వీధి దీపం వెలుగు వస్తుంది, కాజాలకు అది చాలు.

పూలావిడ మా ఇంటి ముందు ఆగడం మానేసింది. గాజులు పగలడం లేదు. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టింది, కరిగించలేదు. కుంకుడుకాయలు ఇంకా మూటలోనే ఉన్నాయి. కాటుక బాగుంది.

బ్లేడు ఖర్చు లేదు.

నువ్వు సంతోషపడతావని అన్నీ రాశాను. ఇంకా ఏమైనా తగ్గించేది ఉంటే చెప్పు.

ఆండాలు

*

ఉప్పుగూడ,
23 జనవరి 1974

నా బిడ్డ ఆండాలుకు,

ఇది కవరు. అంటించి పంపుతున్న. మీ గల్లీల పోస్టుమాన్ చదవకూడదని కొన్న.

నీ కార్డు వచ్చిననాడు మస్తు ఖుషీ అయిన. అరుగు మీద కూసోని నీలమ్మకు చదివి వినిపించిన. "ఇన్నవా? నా బిడ్డ సబ్బు మీద అక్షరం సుత అరగనియ్యలే!" అన్న. నీలమ్మ బియ్యం చెరుగుతున్నది. చాట ఆపింది.

"అన్నా, ఆ అన్నం ముచ్చట మళ్ల సదువు" అన్నది.

చదివిన.

"ఒక్కపాలి వండితె ఇద్దరికి రెండు పూటలొస్తదా? మిషన్ తొక్కొచ్చిన మొగోడు రోజు సల్లన్నం తింటడా?"

"పొదుపు నీలమ్మా. నీకేం తెలుసు?"

ఎప్పుడూ నన్ను ఎగతాళి చేసే మనిషి, ఆనాడు నవ్వలే. "సబ్బులకు పెండ్లి చేసెటోనివి, నాకంటె నీకే తెలవాలె" అని చాట పట్టుకొని లోపలికి పోయింది.

నాకు కోపమొచ్చింది. తానానికి పోయిన. సబ్బు చేతిల పట్టుకున్న. నేను ఎంత పట్టి పట్టి రుద్దినా నా సబ్బు మీద పేరు వారం ఆగదు. ఇద్దరున్న ఇంట్ల రెండు నెలలు ఎట్ల ఆగింది? ఆడనే పీట మీద కూసున్న. నీళ్ళు సల్లారిపోయినై.

బిడ్డా, అక్షరం అరగని సబ్బును నేను ఒక్కపాలి చూసిన. మీ అమ్మ లీలమ్మ పోయిన ఏడు. నువ్వు చిన్నదానివి, మేనత్త కాడ ఉంటివి. నేను రైల్వే డ్యూటీకి పోతుంటి, వస్తుంటి. సబ్బు గూట్ల ఉన్నది ఉన్నట్టే ఎండి పగుళ్ళిచ్చింది. నూనె గట్లనే, బియ్యం గట్లనే. బస్తీల అందరు మెచ్చుకున్నరు, దుర్గయ్య ఎంత పొదుపు మనిషి అని. నేను సుత అదే అనుకున్న. అది పొదుపు కాదు బిడ్డా. ఒంటి మీద నీళ్ళు పోసుకోబుద్ధి కాకపోవుడు.

మళ్ల నువ్వు వాపసొచ్చినవు. బిళ్ళలకు బిళ్ళలు అరగదీసుడు, నురగ గోడలకు కొట్టుడు, నేను లొల్లి పెట్టుడు. తునకలు మిగిలినై. అతికించుడు నేను అప్పుడే నేర్చిన.

ఆ బ్లేడు ముచ్చట ఇప్పుడు అర్థమైంది. ఏమైంది, ఎవరిది తప్పు, నేను అడగ. నువ్వు చెప్పాలని లేదు. నా రైల్వే పాసు ఈ ఏడుది మిగిలే ఉన్నది. బేస్తవారం బండికి వస్తున్న. నా కోసం ఇల్లు సదరకు. సల్లన్నం ఉంటే అదే తింట.

బాపు

*

నిజామాబాదు,
9 మార్చి 1974

ప్రియమైన బాపుకు,

నువ్వు వచ్చి వెళ్ళి నెల దాటింది. ఆ తరువాత నువ్వు వేసిన కార్డులన్నీ అందాయి. జవాబు రాద్దామని కూర్చునేదాన్ని, కలం పట్టుకుని అట్లాగే ఉండిపోయేదాన్ని.

ఆ రోజు నువ్వు సంచిలోంచి కొత్త వాసన సబ్బు తీస్తే ఎవరిదో అనుకున్నాను. చార్మినార్ దాకా నడిచిపోయి లాడ్‌బజార్‌లో తెచ్చిన గాజులు కూడా. నువ్వు డబ్బు పెట్టి కొన్నావంటే నాకు నమ్మకం కుదరలేదు. గాజులు ఇంకా దారానికే ఉన్నాయి. వేసుకోలేదు.

నువ్వేమీ అడగలేదు. మూట విప్పి కుంకుడుకాయలు నువ్వే రాయితో కొట్టావు. నీళ్ళు కాచావు. పక్కింటి కొమురమ్మను పిలిచి, "జర నా బిడ్డకు తల మీద నీళ్ళు పోయమ్మా" అని తలుపు బయట కూర్చున్నావు. అప్పుడు లోపలి నుంచి చెప్పాను. ఆయన దసరా తరువాత బొంబాయి పోయారని, అక్కడ ఆయనకు ఇంకో ఇల్లు ఉందని, ఇక రానని రాశారని. కొమురమ్మ చెంబు ఆపేసింది. నువ్వేమన్నావో యాదుందా? "కండ్లు మూసుకో బిడ్డా, కుంకుడు పులుసు పడ్తది" అన్నావు.

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఇప్పటికీ రాలేదు. కళ్ళు మండాయి, అది కుంకుడుదే.

నీ వెంట రమ్మంటే రానన్నాను. ఎందుకన్నది అప్పుడు చెప్పలేదు. నా బిడ్డ సంసారం ఎంత పొందికగా చేస్తోందో అని నువ్వు హోటల్లో, బస్తీలో, స్టేషన్లో చెప్పుకున్నావు. ఇప్పుడు వాళ్ళందరికీ ఏమని చెప్తావు? నా మొహం చూసి నువ్వు తల దించుకోవాలి. అది నాకు వద్దు.

కాజాల పని వస్తోంది, గది అద్దె కడుతున్నాను. కొమురమ్మ రోజూ తలుపు కొట్టి, "నీళ్ళు పోసుకున్నవా లేదా? మీ బాపు నాకు ఒప్పజెప్పి పోయిండు" అంటుంది. ఆమె పోరు పడలేక పోసుకుంటున్నాను. నువ్వు తెచ్చిన సబ్బు మీద పేరు ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. నిన్న చేతిలోంచి జారిపడితే చూశాను. గోరంత మందం తునక మిగిలింది. పారేద్దామని గుమ్మం దాకా పోయి మళ్ళీ గూట్లో పెట్టాను.

దాన్ని ఏం చేయమంటావు?

నీ ఆండాలు

*

ఉప్పుగూడ,
12 మార్చి 1974

నా బంగారు తల్లి ఆండాలుకు,

అరిగిందా! నిజంగా అరిగిందా! బిడ్డా, నీ జాబు చదివి ఇంట్లో కూర్చోలేక గల్లీ ఆ మొదలు నుంచి ఈ మొదలు దాకా తిరిగాను. నీలమ్మను పిలిచి చెప్పాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఉన్న సబ్బంత అరగదీసిందని ఇంత సంబురపడే పిసినారిని నిన్నే చూస్తున్న" అంది.

ఏమని చెప్తావు అన్నావు గదా. చెప్పేశాను. ఖాసిం భాయ్ హోటల్‌కు పోయి, నిండా మనుషులుండగా, "నా అల్లుడు నా బిడ్డను విడిచిపెట్టి పోయిండు. నా బిడ్డ సబ్బు మొత్తం అరగదీసింది, ఒక్క తునక మిగిలింది" అన్నాను. కొందరు నాకు మతి పోయిందనుకున్నారు. ఖాసిం భాయ్ గల్లా దిగి వచ్చాడు. చాయ్ తెచ్చి ముందు పెట్టి, పైసలు ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. నేను తల దించుకోలేదు. ఇక నువ్వు దించుకునే పనేముంది?

శుక్రవారం బండికి కైలాసం డ్యూటీ. ఈ కార్డు నీకు చేరిన మర్నాడో, ఆ మర్నాడో వచ్చే శుక్రవారమే. టికెట్టు కొని అతని చేతికిచ్చాను. రావాలనిపిస్తే ఎక్కు, రాకుంటే టికెట్టు పోనీ. కాజాల పని ఉప్పుగూడలో కూడా దొరుకుతుంది, అడిగి పెట్టాను. ఈ టికెట్టు పోయినా ఫికర్ లేదు, ఇంకో శుక్రవారానికి ఇంకో టికెట్టు కొంటాను.

తునక పారేయకు. ఎండనివ్వకు, తడిగుడ్డలో చుట్టిపెట్టు. నేను కొత్త బిళ్ళ విప్పి, తడిపి, గూట్లో పెట్టి కూర్చున్నాను.

నీ బాపు