తలుపు మీద ఆరు చుక్కలు

16 ఆగస్టు 1983

ఇవాళే రాయాలి. ఇంకో రెండు రోజులు ఆగితే తప్పు నాది కాదని నన్ను నేను ఒప్పించుకుంటాను.

వదినకు నెల తప్పింది. రెండో కాన్పులో రక్తం ఆగక, భద్రాచలంలో మూడు రోజులు తెలివి లేకుండా పడి ఉన్న మనిషి. మళ్ళీ కడుపు వస్తే బతకడం కష్టమని డాక్టరమ్మ మా అన్న మొహం మీదే చెప్పింది. అందుకే మేలో, నర్సు ట్రైనింగ్ సెలవులకు వచ్చినప్పుడు, వదినకు లెక్క నేర్పాను. నడిమింటి తలుపు వెనక రోజుకో సున్నం చుక్క. ఏడు చుక్కల దాకా భయం లేదు. ఎనిమిది నుంచి పంతొమ్మిది దాకా అన్నకు దూరం. ఆ తర్వాత మళ్ళీ భయం లేదు.

ట్రైనింగ్ ముగిసి మొన్న వచ్చాను. సంచీ దించకముందే అమ్మ— "ఈసారి మేనల్లుడేనే నీకు! ఇద్దరాడపిల్లలతోని మొకం మొత్తింది."

వదిన మెల్లగా— "నువ్వు చెప్పినట్టే చేసిన సరోజా. ఒక్క చుక్క తప్పలే."

నిష్ఠూరం కాదు. నిష్ఠూరమైతే బాగుండేది.

17 ఆగస్టు

అమ్మ చేనుకు పోయాక తలుపు మూసి లెక్కపెట్టాను. మొదటి వరస ఇరవై మూడు. రెండో వరస ఆగకుండా కింది చెక్క దాకా పోయింది.

ఇరవై మూడేమిటి? వదినకు ఎప్పుడూ ఇరవై ఏడు రోజులకు వస్తుంది. నాలుగు ఎక్కడ?

అడిగాను. గిన్నెలు తోముతోంది. "ముట్టయితే నాలుగొద్దులు కొట్టంలనే ఉంట గద. ఇంట్లకెట్ల వస్త? తలుపెట్ల ముట్టుకుంట? ఐదో దినం తలకు పోసుకున్నంక మొదటి చుక్క పెట్టిన."

బూడిద చేతులతోనే నా వైపు చూసి— "గా మైల దినాలు గూడ లెక్కనా?"

ఆ పశువుల కొట్టంలో నేనూ కూర్చున్నదాన్నే. పదమూడో ఏటి నుంచి. రెండేళ్ళు హాస్టల్లో ఉండేసరికి మరచిపోయాను. చుక్కలు పెట్టుకొమ్మని ఆ తలుపు చూపించింది నేను.

18 ఆగస్టు

రాసి చూసుకుంటున్నాను. రక్తం కనిపించిన దినమే ఒకటి. అండం విడుదలయ్యేది వచ్చే నెలసరికి సుమారు రెండు వారాల ముందు... వదినకు పదమూడో రోజు, కొంచెం అటూ ఇటూ. మగవాడి బీజం లోపల మూడు రోజులు బతుకుతుంది, ఒక్కోసారి అయిదు.

ముట్టయింది ఏరువాక పున్నమి ముందు రోజు. పండగ పూట బయట కూర్చుందని అమ్మ తిట్టిందట, అందుకే వదినకు గుర్తు. జూన్ ఇరవై నాలుగు. ఇల్లందు బొగ్గు బావిలో సెలవు దొరికి అన్న ఇంటికి వచ్చింది జూలై మూడు, ఆదివారం.

తలుపు మీద ఆరు చుక్కలు. ఒంటికి పదో రోజు.

19 ఆగస్టు

ఇంకోటి ఉంది. నిన్న రాయలేదు. చుక్కలు సరిగ్గా పెట్టినా చాలదు. ఈ లెక్క తప్పుతూనే ఉంటుంది, కాన్పు ప్రాణం మీదికి వచ్చే మనిషికి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకొమ్మని చెప్పరాదు— నా నోట్సులోనే ఉంది. నా అక్షరాలు. కింద ఎర్ర గీత కూడా. మేలో ఆ పేజీ తెరవలేదు. ఇంట్లో మొదటిసారి ఒకరికి పాఠం చెబుతున్న సంబరం.

20 ఆగస్టు

ఈ కాన్పు వదిన ప్రాణం మీదికి వస్తుందని చెబితే, అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ— "పోతే ఏమైతది? దాని చెల్లె ఎదిగి లేదా? అదే వస్తది. పిల్లలకు పరాయిది గాదు."

వదిన పక్కనే ఉంది. ఖాళీ చేట అందించింది.

21 ఆగస్టు

అన్న వచ్చాడు. అన్నం తిన్నాక చెప్పాను. మూడు నెలల లోపల తీయించవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది, తర్వాత పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించవచ్చు...

"పెండ్లి గాని పిల్లవు. నీకెందుకే గీ ముచ్చట్లు?"

"పోనీ, ఆపరేషన్ నువ్వు చేయించుకో అన్నా. మగవాళ్ళకు చిన్న పని."

"కోడెను ఎద్దును జేసినట్టు జేస్తరా నన్ను? బావిల అందరు నవ్వుతరు. పోయినసారి బతికింది గదా? ఇప్పుడు గూడ బతుకుతది."

మేలో తెచ్చిచ్చిన నిరోధ్ పొట్లం ఏమైందని అడిగాను. వానకు తడవకుండా అందులో బీడీలు కట్టుకున్నాడట. చెప్పి నవ్వాడు. అమ్మా నవ్వింది.

తలుపు మీద ఆ చుక్కలేందని అడిగాడు. వదిన దాచలేదు.

"అంటే నా పెండ్లాం కాడికి నేనెప్పుడు రావాల్నో తలుపు చెప్తదా? తలనొప్పి అంటివి గదనే అప్పుడు!"

లేచి వెళ్ళి, నోట్లో ఉన్న పాన్ చుక్కల మీద ఉమ్మేశాడు. "సంతకం గింతకం పెట్ట. ఎవలకు చెప్పుకుంటరో చెప్పుకోండ్రి."

22 ఆగస్టు

వదిన తలుపు కడిగింది. ఎరుపు పోయింది. సున్నం కూడా.

24 ఆగస్టు

వాగు దగ్గర, బట్టలు పిండుతూ, నా మొహం చూడకుండా వదిన—

"సరోజా, నాకు దవాఖానకు పోవాల్ననే ఉన్నది. ఈ ఇద్దరిని ఇడిసిపెట్టి సావలేను."

కాసేపటికి— "నాకు సంతకం రాదు గద. నా ఏలు సరిపోతదా?"

సరిపోతుందని అన్నాను. అని... మళ్ళీ తెలిసినట్టు మాట్లాడుతున్నానా? మేలోనూ ఇదే గొంతుతో చెప్పాను.

25 ఆగస్టు

గోదావరి తగ్గలేదు. రోడ్డు మీద నీళ్ళు. బస్సు రేపు కదులుతుందట, టపా కూడా దాంట్లోనే పోవాలి. వదినకు పొద్దున రెండుసార్లు వాంతులు. "మొగపిల్లగాడే," అని అమ్మ వాకిట్లోంచి అందరికీ చెబుతోంది.

26 ఆగస్టు

భద్రాచలం డాక్టరమ్మకు ఉత్తరం. నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను.

డాక్టర్ గారికి నమస్కారములు. రెండో కాన్పులో రక్తం ఆగక మీ చేతుల్లో బతికిన మా వదిన మళ్ళీ గర్భవతి. నేను తప్పుగా నేర్పిన లెక్క వల్ల. తీయించుకోవడానికి ఆమెకు ఇష్టమే. మా అన్నకు ఇష్టం లేదు. ఆమె వయసు ఇరవై నాలుగు. మేజరైన స్త్రీకి తన ఒప్పుదల చాలునని మాకు పాఠంలో చెప్పారు. మీ దగ్గర ఆమె వేలిముద్ర ఒక్కటే చాలుతుందా, భర్త సంతకం అడుగుతారా? ఆపరేషన్ కూడా అప్పుడే చేస్తారా? తెలియకుండా తీసుకొచ్చి, గుమ్మం దాకా వచ్చాక వెనక్కి పంపితే మళ్ళీ ఇల్లు కదలనివ్వరు.

ఇవాళ్టికి తొమ్మిది వారాలు నిండాయి. సెప్టెంబర్ పదహారుకు పన్నెండు. ఈసారి మొదటి రోజు నుంచే లెక్కపెట్టాను.

ఉత్తరం ఇంటికి వస్తే అమ్మ తీసి అన్నకు ఇస్తుంది. దయచేసి పోస్టాఫీసులోనే నా పేరున ఉంచమని పైన రాయండి. సెప్టెంబర్ అయిదో తేదీ లోపల జవాబు ఇవ్వండి.