దక్షిణ ద్వారం దగ్గర దిగకు

మోంతెరావో,
సెప్టెంబరు చివర

ప్రియమైన తెక్లాకి,

మోకాలి ఆపరేషన్ అయ్యాక కూడా ఈ కొండెక్కుతానన్నావంటే నువ్వేమీ మారలేదన్నమాట. దారి సంగతులు అడిగావు కదా, విను. కారులో రాకు. కోటగోడ లోపలికి ఊరివాళ్ళ బళ్ళే రావాలి. పొరపాటున దూరితే కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా ఇంటికొస్తుంది. రైలు దిగి బస్సెక్కు. సోమవారం వద్దు, రొట్టెల కొట్టు కూడా తియ్యరు. మధ్యాహ్నమూ వద్దు, ఊరంతా కునుకు తీస్తుంటుంది. వీధుల్లో రాళ్ళు అరిగి నున్నబడ్డాయి, చినుకు పడితే సబ్బు మీద నడిచినట్టే. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకో. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే మోకాలు ఏడిపిస్తుంది, సిగ్గుపడకుండా కర్ర తెచ్చుకో.

ముఖ్యమైన మాట. బస్సు ముందు దక్షిణ ద్వారం దగ్గర ఆగుతుంది. అక్కడ దిగకు, మరీ నిటారు దారి. కొండ చుట్టి ఉత్తర ద్వారం చేరాక దిగు. నేనక్కడే ఉంటాను. మా ఇంటికి సున్నాలు వేయిస్తున్నాను కాబట్టి ఇల్దె వాళ్ళ బసలో నీకు గది మాట్లాడాను.

ఫోను చెయ్యకు, ఉత్తరమే రాయి. ఫోనులో నన్ను మాట్లాడనివ్వవు.

నీ అక్క
ఒర్నెల్లా


జెనోవా,
అక్టోబరు మొదట్లో

అక్కయ్యకు,

వానల ముందు సున్నాలు వేయించేదాన్ని నిన్నే చూశాను! ఇంట్లో నాకు మంచం లేదని సూటిగా చెప్పకూడదూ? బావ పోయినప్పుడు రాలేదని ఇంకా మనసులో పెట్టుకున్నావా? అప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నానని నీకు తెలుసు. నేను వచ్చేది నీ వంటింట్లో కూర్చుని నీతో కబుర్లాడడానికి. ఎవరో ఇల్దె దుప్పట్లు చూడ్డానికి కాదు.

ఎలాగూ వస్తున్నాను. గురువారం సాయంత్రం బస్సుకి.

అలిగిన నీ చెల్లెలు
తెక్లా


ఇల్దె వాళ్ళ బస,
శనివారం సాయంత్రం

నా పిచ్చి అక్కకి,

ఇల్దె చేత ఈ కాగితం పంపుతున్నాను. ఎదురుగా అడిగితే నువ్వు మాట మార్చేస్తావు.

గురువారం నేను ముందు బస్సుకే వచ్చేశాను. పంతం కొద్దీ దక్షిణ ద్వారం దగ్గరే దిగాను. అక్కడ నిటారు దారేమీ లేదక్కా. ఇనుప కంచె ఉంది. దాని వెనక కోటగోడ సగం లోయలోకి జారిపోయింది. గోడకానుకున్న మీ ఇల్లు కప్పు నుంచి పునాది దాకా చీలి ఉంది. కాపలా ఉన్న గ్విదో పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మగారూ, అటు పోకండి! ఇవాళో రేపో పడేలా ఉంది.”

“ఈ ఇంటావిడ ఎక్కడుంది?”

“ఒర్నెల్లమ్మా? వేసవిలోనే ఖాళీ చేయించి బడి వెనక గదిచ్చారు. అయినా తెల్లారేసరికి కంచె సందులోంచి దూరి లోపల కూర్చుంటుంది. బయటికి రమ్మంటే నన్ను తిట్టిపోస్తుంది. ‘పడితే పడనీరా, నేను లోపలున్నప్పుడే పడనీ’ అంటుంది. ఏం చెయ్యమంటారు చెప్పండి?”

తర్వాతి బస్సెక్కి ఉత్తర ద్వారానికి వచ్చాను. నువ్వు నవ్వుతూ ఎదురొచ్చి నా సంచి అందుకున్నావు. ఆ నవ్వు చూసి నేనూ ప్రయాణం కబుర్లే చెప్పాను. నిన్నా ఇవాళా ఊరంతా తిప్పావు, ఆ ఒక్క వీధి తప్ప.

రేపు తెల్లారి కంచె దగ్గరుంటాను. నువ్వు దూరితే నేనూ దూరతాను. ఇల్లు కూలితే ఈ మోకాలితో పరుగెత్తలేనని నీకు తెలుసు.

తెక్లా


మోంతెరావో,
నవంబరు

ప్రియమైన తెక్లాకి,

నువ్వు జెనోవా చేరాక ఇన్నాళ్ళకి కలం పట్టాను. జరిగింది నీకు తెలుసు. అయినా నోటితో చెప్పలేకపోయింది రాయాలి.

ఆ తెల్లవారుజామున నిన్ను కంచె దగ్గర చూసి ఒళ్ళు మండింది. “తప్పుకోవే” అన్నాను. “పద, నీ వెనకే వస్తా” అన్నావు. “పిల్లలు, మనవలు ఉన్నదానివి, నీకిదేం పోయేకాలం?” అంటే, “నీకు నేను లేనా?” అన్నావు. అక్కడే రోడ్డు మీద కూలబడ్డాను.

ఎందుకలా చేశావని నువ్వు అడగలేదు. మీ బావ ఎల్వియో ఆ వంటింట్లోనే పోయాడు తెక్లా. నేను బడి వెనక గదిలో పడుకుంటే, అతన్నొక్కణ్ణీ ఆ పగుళ్ళ మధ్య వదిలేసి వచ్చినట్టుండేది. ఏ రాత్రీ కన్ను మూతపడేది కాదు. ఎప్పుడు కూలుతుందో, ఆ చప్పుడు ఎప్పుడు వినిపిస్తుందో అని చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని.

తర్వాత ఆ మధ్యాహ్నం. ఇల్దె భోజనాల బల్ల దగ్గర శనగల సూపు ముందు పెట్టుకుని, నాన్న పాడుతుంటే కుక్కలెందుకు ఏడ్చేవో వినండి అంటూ నువ్వు ఆయనలా పాడి చూపించావు. ఇల్దె పొలమారి చచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడే గ్విదో ఒంటినిండా దుమ్ముతో గుమ్మంలో నిలబడి, “ఒర్నెల్లమ్మా, ఇల్లు పోయింది” అన్నాడు.

నాకు వినపడనే లేదు తెక్లా! నెలల తరబడి కాచుకున్న చప్పుడు, నేను నవ్వుతుండగా వచ్చి వెళ్ళిపోయింది. మొదట ఆ ఇంటి మీద కోపమొచ్చింది, చెప్పకుండా పోయిందని. నేను ఏడుస్తానని నువ్వూ ఇల్దె నా మొహంలోకే చూస్తున్నారు. నేనూ దానికే ఎదురుచూశాను. ఏడుపు రాలేదు. ఆకలేసింది. పగుళ్ళు మొదలైన దగ్గర్నుంచి తిండి రుచే ఎరగనిదాన్ని, మీ ఇద్దరి ముందూ సిగ్గు లేకుండా సూపు గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

నీ
ఒర్నెల్లక్క