వేటకెళ్లేవాణ్ణి అడగకూడని మాట

నాన్నా,

ఈ ఉదయం వాకిట్లో వల ఎత్తేసిన చోట ఒక చిన్న పీత ఇసుకలో తిరుగుతోంది.

చదివేవాళ్లే దారి ఎంచుకుంటూ ఆడే కథలు రాయడానికి కంప్యూటర్‌లో ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ దొరికింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. నా కథ మొదటి తెర మీద "ఎక్కడికి వెళ్తున్నావు?" అని రాశాను. సముద్రం మీద చేపల వేటకు బయల్దేరుతూ అన్నయ్య దాన్ని పైకి చదివాడు.

అమ్మ గబుక్కున నా వైపు తిరిగింది. "ఏటకెల్లేవోడిని ఎక్కడికని అడక్కూడదని తెల్దేటే నీకు?"

"నన్ను కాదే అమ్మా, కతలోవోడిని" అని అన్నయ్య నవ్వాడు. అయినా కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగాకే కదిలాడు.

తప్పుదారి పట్టినవాళ్లు వెనక్కి రావడానికి కథలో బాణం గుర్తు ఉంది. ఆ ప్రశ్న చెరిపేశాను. గాలి మాత్రం పెరుగుతూనే ఉంది.

అన్నయ్య తీసుకెళ్లింది, నువ్వు లేకుండా ఒడ్డుకొచ్చిన నీ పడవనే.