తన మీద తనే అర్జీ పెట్టుకున్న మేయరు

ఆల్డర్ క్రీక్, ఒరెగాన్
1913 ఏప్రిల్ 7

బావమరిది థాడ్‌కి బావ లెమ్యుయెల్ దీవెనలు.

మేమిక్కడ క్షేమం. సేలంలో నీ అచ్చాఫీసు, నీ దగ్గు ఎలా ఉన్నాయో రాయి.

ఒక శుభవార్త. నన్ను మేయరు పదవి నుంచి దింపెయ్యాలని ఊళ్ళో అర్జీ తిరుగుతోంది! మంగలి గస్ సంతకం పెట్టాడు. పాస్టరుగారు పెట్టారు. స్టేషన్ మాస్టరు రైలును ఒక నిమిషం ఆపి మరీ పెట్టాడు. ఓటర్లలో నాలుగో వంతు మంది పెడితే చాలు, ఎన్నిక జరపక తప్పదు.

ఎన్నుకున్నవాణ్ణి మధ్యలోనే దింపే ఈ రీకాల్ హక్కును మన రాష్ట్ర రాజ్యాంగంలో రాయించడానికి నేను పడ్డ పాట్లు నీకు తెలియనివి కావు. జీనుల కొట్టు మూసేసి, గుర్రమెక్కి ఊరూరా తిరిగాను. ఐదేళ్ళయింది. మా ఊళ్ళో ఒక్కడైనా ఆ హక్కును ముట్టుకున్న పాపాన పోలేదు. పక్కనున్న కేడీ బెండ్ వాళ్ళు అప్పుడే ఇద్దరు మేయర్లను దింపి మా ముందు మీసాలు తిప్పుతున్నారు. ఇన్నాళ్ళకు మాకూ మంచిరోజు వచ్చింది.

ఇట్లు,
నీ బావ
లెమ్యుయెల్ ప్రేథర్, మేయరు

తా.క. మీ అక్క డీలియా కులాసా. అర్జీ మీద మొదటి సంతకం తనదే.

*

సేలం
ఏప్రిల్ 10

బావకు థాడ్ నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది. నిన్ను దింపుతారా? పాస్టరు కూడానా? అది శుభవార్తా? నీకు బెంగతో మతి చలించిందని నాకు అర్థమైంది. ధైర్యంగా ఉండు. నేనున్నాను.

మా ప్రెస్సులో పెద్ద అక్షరాలతో ఐదు వందల కరపత్రాలు వేయించి ఈ రైలుకే పంపాను. వాటిని చూస్తే నీ శత్రువుల నోళ్ళు మూతపడాలి.

నీ మేలు కోరే
థాడ్ హోల్కోమ్

తా.క. అక్క ఎందుకు సంతకం పెట్టింది? దాని వంటకు గానీ వంక పెట్టావా?

*

ఆల్డర్ క్రీక్
ఏప్రిల్ 14

థాడ్‌కి బావ రాసేది.

ఈసారి దీవెనలు లేవు.

నీ కరపత్రాలు చేరాయి. నాకు మేలు చేస్తున్నాననుకుని స్టేషన్ మాస్టరు నన్నడక్కుండానే ఊరంతా పంచేశాడు. "లెమ్యుయెల్ ప్రేథర్ దొంగ కాదు! నీళ్ళ గొట్టాల డబ్బు తినలేదు! తాగడు!" ఒరేయ్, ఎవరడిగార్రా నిన్ను? నీళ్ళ గొట్టాలకు డబ్బవుతుందన్న ధ్యాసే అప్పటిదాకా ఎవరికీ లేదు. ఎవరూ గుమ్మడికాయల దొంగ అనకముందే నా భుజాలు నువ్వు తడిమావు. నిన్న గస్ గడ్డం గీస్తూ, కత్తి సరిగ్గా గొంతు మీదుండగా ఆపి, "మొత్తం ఎంత తినలేదంటారు మేయరుగారూ?" అని అడిగాడు. తక్కువపడ్డ సంతకాలన్నీ సాయంత్రానికల్లా పడిపోయాయి.

అసలు సంగతి విను. ఆ అర్జీ రాసింది నేనే. ఇంటింటికీ తిప్పిందీ నేనే. రెండో సంతకం నాది. మంగలికత్తి అయినా వాడకపోతే తుప్పు పడుతుంది, చట్టం పట్టదా? మంచి మేయరు రీకాల్‌కు ఎదురు నిలిచి గెలిచి చూపిస్తే, ఇది పిచ్చివాళ్ళ ఆట అనే పెద్దమనుషులకు బుద్ధొస్తుంది. జనం కూడా నా మీద ప్రేమ కొద్దీ సంతకాలు పెట్టారు. "మీరు అడిగితే కాదంటామా?" అన్నారు.

ఒక్క చిక్కొచ్చింది. నన్నెందుకు దింపాలో రెండు వందల మాటల్లోపు రాస్తే బ్యాలెట్ మీద అచ్చు వేస్తారు. ఒక పూటంతా ఆలోచించినా నాలో ఏ తప్పూ తోచలేదు. చివరికి వంటింట్లోకి వెళ్ళి డీలియాను అడిగాను. తను ఆపిల్ పై వండటానికి పిండి వత్తుతోంది. వత్తుతూనే చెప్పింది. ఒక్కచోటా తడుముకోలేదు. రెండు వందలు దాటిపోయాక కూడా ఇంకా వాగు మీద వంతెన సంగతికి రానేలేదు. నాలుగేళ్ళుగా కట్టిస్తానంటున్నాను చూడు, అదే. పిల్లలు ఇప్పటికీ మోకాటిలోతు నీళ్ళలో బడికి పోతున్నారట. నేను దాని మీద మూడు ఉపన్యాసాలిచ్చిన మాట ఎవరికీ గుర్తులేదు!

లెమ్యుయెల్

తా.క. నా మీద పోటీకి ఎవరూ ముందుకు రావడంలేదు. పోటీ లేకపోతే ఎన్నికకు అందమేముంది? ఎలాగూ పోయిన నవంబరులో మన ఆడవాళ్ళకు ఓటు వచ్చింది కదా అని, డీలియా పేరు వేయించాను.

*

సేలం
ఏప్రిల్ 17

బావా,

కొరివితో తల గోక్కోవడం అని వింటాం గానీ, ఊరంతటినీ పిలిచి గోక్కున్నవాణ్ణి నిన్నే చూశాను.

నాలుగు ముక్కలు నిజం చెప్పనా? ఆ కుర్చీ పోతే నీకేముంది? ఊళ్ళోకి మోటారు బళ్ళు దిగాయి. నీ జీనులు ఎవడు కొంటాడు? రోజంతా కొట్లో కూర్చుని ఈగలకు ఉపన్యాసాలిస్తావా? ఇప్పుడే వెళ్ళి అక్క పేరు తీయించు.

ఇంకో తప్పు జరిగిపోయింది. నీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించాను. డీలియా నీ మీద నిలబడిందన్న ముక్క వరకే విన్నది. తరవాతది ఒక్కటీ చెవికెక్కలేదు. "నా కూతురు మొగుణ్ణి వదిలేస్తోంది, ఆ ఉపన్యాసాలకు ఎవరైనా వదిలేస్తారు" అంటూ పెట్టె సర్దుకుంది. ఎంత చెప్పినా ఆగలేదు. ఈ ఉత్తరం వచ్చే రైల్లోనే తనూ వస్తోంది.

నీ థాడ్

తా.క. పెద్ద పెట్టె తెచ్చుకుంటోంది.

*

ఆల్డర్ క్రీక్
మే 2

థాడ్‌కి దీవెనలు.

అత్తగారు దిగారు. నీ ఉత్తరం కంటే ముందు ఆవిడే ఇల్లు చేరారు. ఇది విడాకులు కాదు, ప్రజాస్వామ్యం అని రెండు రోజులు బోధించాను. "రెండింటికీ తేడా ఏముంది, ఎవర్నో ఒకర్ని వదిలించుకోవడమేగా" అన్నారు. ఇప్పుడు వసారాలో కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ తన కూతురి గుణగణాలు చెబుతున్నారు.

డీలియా పేరు తీయించడానికి వీల్లేదు. గడువు దాటిపోయింది. పైగా అది మర్యాద కూడా కాదు.

మాకున్నది ఒకే గుర్రబ్బండి కాబట్టి ప్రచారానికి ఇద్దరం కలిసే తిరుగుతున్నాం. గుమ్మం దగ్గర ముందు నేను నా ప్రత్యర్థి గొప్పతనం చెబుతాను. అది పెద్దమనిషి లక్షణం. తరవాత డీలియా, "దయచేసి ఈయనకే వెయ్యండి, పగలంతా ఇంట్లో కూర్చుంటే నా వల్ల కాదు" అంటుంది. అందరూ నవ్వుతున్నారు. "మీకేం భయం మేయరుగారూ, ఊరంతా మీకే వేస్తుంది" అని భుజం తట్టి పంపుతున్నారు. ఒక్క ఇంటివాళ్ళు కూడా వేరే మాట అనలేదు.

రేపే ఎన్నిక. నీకొక్కడికే చెబుతున్నాను. నువ్వు రాసింది నిజమే. పొద్దున్నే ఆ కుర్చీలో కూర్చుని, "ఏం పని మీద వచ్చారు?" అని అడగడమంటే నాకు ప్రాణం. కొట్టుకు వచ్చి ఆ మాట అనిపించుకునే మనిషి ఈ ఏడాది లేడు. ఓడిపోతే ఏమవుతానో ఆలోచించడానికి కూడా భయంగా ఉంది.

నీ బావ
లెమ్యుయెల్ ప్రేథర్, (రేపటి దాకా తప్పకుండా) మేయరు

తా.క. అత్తగారికి ఈ ఊళ్ళో ఓటు లేదని చెప్పాను. "అది నీ అదృష్టం" అన్నారు.

*

సేలం
మే 3

బావకు నమస్కారాలు, ముందస్తు అభినందనలు.

ఊరంతా వేస్తామన్నారు కాబట్టి ఇక బెంగలేదు. విజయోత్సవానికి కరపత్రాలు వేసి పంపుతున్నాను. "ప్రేథర్‌కు జయం!" అని మాత్రమే వేశాను. ఈసారి తాగడని వెయ్యలేదు.

నీ థాడ్

తా.క. ఇంటిపేరు ఒక్కటే వేయడంలో కొంచెం ముందుచూపు ఉందని నువ్వు గమనించకపోతే మంచిది.

*

ఆల్డర్ క్రీక్
మే 6

థాడ్‌కి బావ దీవెనలు.

నీ కరపత్రాలు పనికొచ్చాయి. డీలియా గెలిచింది.

గెలిచింది అంటే చాలదు. ఊళ్ళో ఓట్లన్నీ తనకే పడ్డాయి. నాకు ఒక్కటంటే ఒక్కటి పడింది. లెక్క తప్పేమోనని పాస్టరుగారు మళ్ళీ లెక్కపెట్టారు. అప్పుడూ ఒక్కటే.

నేను తిన్నగా గస్ కొట్టుకు వెళ్ళి, "నీకు నేనేం ద్రోహం చేశానయ్యా?" అని అడిగాను. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "మేయరుగారూ, అందరూ మీకే వేస్తారు గదా, పాపం ఆవిడకి ఒక్క ఓటైనా పడకపోతే చిన్నతనంగా ఉంటుందని నేనొక్కణ్ణీ ఆవిడకి వేశాను" అన్నాడు. స్టేషన్ మాస్టరు కూడా అంతే, తనొక్కడే వేశాననుకున్నాడు. పాస్టరుగారు వేదికెక్కి మరీ ఒప్పుకున్నారు, ఆయనా ఒక్కరే అనుకున్నారట. ఊళ్ళో ఎవర్ని అడిగినా అదే మాట. ఇంత మర్యాదస్థుల ఊరిని నాలుగేళ్ళు ఏలానని గర్వపడాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను.

వాళ్ళను అనే హక్కు నాకు లేదు. చాటుగా బ్యాలెట్ చేతిలోకి తీసుకున్నాక, భార్యకు ఒక్క ఓటైనా పడాలి కదా అని నేను కూడా డీలియాకే వేశాను.

ఈ పొద్దున ఆ కుర్చీలో తను కూర్చుంది. తొమ్మిదింటికి వడ్రంగులు వచ్చారు. మధ్యాహ్నానికి వాగు గట్టున దుంగలు దిగాయి. ఒక్క ఉపన్యాసం కూడా లేదు. చూస్తుంటే కడుపు మండింది, పని మాత్రం బాగుంది. దుంగలు లాగే గుర్రాల జీనులు బాగుచెయ్యాలట, నన్ను పిలిచారు. వెళుతున్నాను.

ఇట్లు,
లెమ్యుయెల్ ప్రేథర్, మేయరుగారి భర్త

తా.క. ఆ ఒక్క ఓటు ఎవరిదా అని రాత్రి భోజనాల దగ్గర గింజుకుంటుంటే డీలియా, "నాదే" అంది. నేను నమ్మలేదు. "నా తప్పులు రెండు వందల మాటలకు పైగా గుక్కతిప్పుకోకుండా చెప్పినదానివి, నాకెందుకు వేశావు?" అన్నాను. నా కంచంలో హామ్ ముక్క ఇంకోటి వేస్తూ, "తప్పులు చెప్పమన్నావు, చెప్పాను. ఓటెయ్యమన్నావు, వేశాను. దానికీ దీనికీ ఏం సంబంధం లెమ్?" అంది.