వెలిగించకుండా వదిలేసిన నక్షత్రం

ఏవండీ,

రేపు క్రిస్మస్. మన బంటుమిల్లి చర్చికి ఈ ఏడు కరెంటొచ్చింది. కుర్రాళ్లు రంగురంగుల బల్బులతో నక్షత్రం కట్టారట, బందరు నుంచి మైకుసెట్టు తెప్పించారట. వేసంగిలో మీరు పోయినప్పటినుంచి నేను చర్చికి కూడా వెళ్లడంలేదు. అయినా ఆ హోరు ఇంట్లోకే వస్తోంది. యేసయ్య పుట్టింది సంతలోనా అని ఒళ్లు మండింది.

మీ వెదురుబద్దల నక్షత్రం అటకమీదే ఉంది. ఏటా దాన్ని, ఆ ఏడు చావు జరిగిన ఇంటి చూరుకు కట్టేవారు. లోపల కిరసనాయిలు బుడ్డి పెట్టి, వెలిగించకుండానే వచ్చేసేవారు.

"ఆ అగ్గిపుల్లేదో మీరే గీయొచ్చుగా! ఏడుస్తున్నవాళ్ల చేత పని చేయించాలా?" అని సణిగేదాన్ని.

"నక్షత్రం చీకట్లో ఉన్నవాళ్లకేనే. వాళ్లే వెలిగించుకోవాలి" అనేవారు.

ఆ ఆనవాయితీ మీతోనే పోయిందనుకున్నాను. ఇందాక పొద్దుగూకే వేళ, మైకు కట్టిన ఆ కుర్రాళ్లే వచ్చారు.

"అత్తయ్యగారూ, మావయ్యగారి నక్షత్రం ఇవ్వండి."

"ఈ ఏడు ఎవరింటికిరా?" అన్నాను.

వాళ్లే నిచ్చెన వేసుకున్నారు. అటకమీంచి దించి, కొత్త కాగితం అంటించి, మన వీధివైపు చూరుకే కట్టారు. బుడ్డి వెలిగించకుండా వెళ్లిపోయారు.

కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వెలిగించడానికి ఇంకెవరూ రారని తెలిసి, అగ్గిపెట్టె తీసుకుని లేచాను. దీపం వెలిగించి వెనక్కి తిరిగేసరికి, ఎదురింటి వదిన తన గుమ్మంలో నిలబడి నావంకే చూస్తోంది. మీరు పోయాక నేను వీధిలోకి రావడం ఇదే మొదటిసారని అప్పుడు తెలిసింది.